దారిలోనే కదా!

కారు వాకిట్లో ఆగి ఉంది. డిక్కీలో పన్నెండు కనకాంబరం మొక్కలు, రెండు అంటు మామిళ్ళు, ఒక సపోటా, అమలాపురంలో ఉన్న మా పెద్దాడపడుచుగారికి ఆవకాయ జాడీ, వాళ్ళ కోడలికి కుట్టించిన జాకెట్లు, రావులపాలెంలో ఒకరికి అందించాల్సిన బిల్లు పుస్తకాలు. వెనక సీట్లో రెండు క్రోటన్ కుండీలు. ఒరిగిపోకుండా వాటికి మావారు సీటు బెల్టు కూడా పెట్టారు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకి మేమిద్దరమే కలిసి సముద్రం చూడ్డానికి అంతర్వేదికి బయల్దేరిన రోజు అది.

"ఇవన్నీ ఎందుకండీ?" అన్నాను.

"దారిలోనే కదే!" అన్నారు.

అమలాపురం అంతర్వేది దారిలో లేదు. పి.గన్నవరం మీదుగా అయితే అటు తొంగి కూడా చూడక్కర్లేదు. కానీ మా ఇంట్లో ఆ మాటకి ఎవరూ అడ్డు చెప్పరు. ఆరింటికి బయల్దేరాం. రావులపాలెంలో బిల్లు పుస్తకాలు ఇచ్చి, కాఫీ కాదనలేక తాగి, అమలాపురం చేరేసరికి తొమ్మిదిన్నర. మొక్కలు దించేసి వెళ్ళిపోదామనుకున్నాం. "ఇంతదూరం వచ్చి భోంచెయ్యకుండా పోతారా, ఆయ్!" అన్నారు వదినగారు. అప్పటికే కోడి కోయించేశారు. తప్పు ఆవిడది కాదు. తమ్ముడూ మరదలూ గుమ్మంలోకొస్తే గోదావరి ఆడపడుచు ఇంకేం చేస్తుంది? అక్కణ్ణించి మేం కదిలేసరికి ఒంటిగంటన్నర. అంతర్వేదిలో ఇసక మీద కాలు పెట్టలేకపోయాం, అంత కాలింది. చూసింది ఇరవై నిమిషాలు. అందులో సగంసేపు మావారు బెంగుళూరు లోడు గురించి ఫోన్లో ఉన్నారు. తిరుగుదారిలో రాజోలు దగ్గర మొదలైన మౌనం జొన్నాడ వంతెన దాటినా తెగలేదు.

ఆ రోజుని నేను చాలాకాలం మావారి ఖాతాలో రాశాను. తరవాత తీరిగ్గా ఆలోచిస్తే, తప్పు ఆయన ఒక్కరిదే కాదని తెలిసింది. ఊరి అలవాటుది.

కడియం, కడియపులంక చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. మా ఊళ్ళ నించి రాత్రీ పగలూ మొక్కల లారీలు దేశమంతా పోతాయి. లారీలో చారెడు ఖాళీ కనిపిస్తే అక్కడ నాలుగు మందారాలు ఇరికించందే లోడు కదలదు. బండి ఖాళీగా పోయిందంటే నష్టం. నర్సరీ లెక్క అది, సరైన లెక్కే. ఆ లెక్కతో పెంచిన తోటలే మా పిల్లల్ని చదివించాయి. చిక్కల్లా, అదే లెక్క మా కాపురంలోకి కూడా వచ్చి కూర్చుంది. ఖాళీ సీటు కనిపిస్తే అత్తగారు, ఖాళీ గంట కనిపిస్తే పరామర్శ, ఖాళీ డిక్కీ కనిపిస్తే కనకాంబరాలు. ఏ పనీ లేకుండా ఇద్దరు మనుషులు వంద కిలోమీటర్లు పోయి నీళ్ళు చూసి వచ్చారంటే, ఏదో దుబారా చేసినట్టు గిల్టీగా ఉంటుంది. నర్సరీ లేని ఇళ్ళల్లో ఈ లెక్క వేరే వేషంలో ఉంటుంది, అంతే. బ్యాంకు పని, పెళ్ళి శుభలేఖ, పిల్లాడి సర్టిఫికెట్టు.

ఈ అధ్యాయం ఆ లెక్కని ఒక్కరోజు పక్కన పెట్టడం గురించి.

రథం

పెళ్ళయిన కొత్తలో మావారు నాకు ఒక మాట ఇచ్చారు. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థంలో రథం చూపిస్తానని. లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, మర్నాడు రథోత్సవం, ఇసక వేస్తే రాలనంత జనం. ప్రతి ఏడూ ఏదో ఒకటి అడ్డొచ్చేది. నాట్లు, అంటుకట్లు, మేస్త్రి ఇంట్లో పెళ్ళి. "రథం ఎక్కడికీ పోదు కదే, వచ్చే ఏడు చూద్దాం" అనేవారు.

2020 సెప్టెంబరులో ఒక రాత్రి ఆ రథం షెడ్డులోనే కాలిపోయింది. నలభై అడుగుల టేకు రథం. పొద్దున్న టీవీలో మిగిలిన బూడిద చూపిస్తుంటే మావారు కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నేనేమీ అనలేదు. మరుసటి ఏడాది ఉత్సవాలకి కొత్త రథం సిద్ధమైంది. ఆ మార్చిలో ఒక సోమవారం రాత్రి ఆయనే అన్నారు: "రేపు అంతర్వేది వెళ్దాం. ఏమీ పట్టుకెళ్ళొద్దు."

నేను ఈ రోజుకీ పదిమందికి చెప్పేది ఆ రెండో వాక్యాన్నే. మిగతావన్నీ ఏర్పాట్లు.

ఏర్పాట్లు

ముందు, రోజు. ఆదివారం వద్దు. కార్తీకంలో వనభోజనాల రద్దీ, మాఘంలో తీర్థం రద్దీ. భక్తితో వెళ్ళేవాళ్ళ మాట వేరు గానీ, ఇద్దరు మాట్లాడుకోవడానికి అవి పనికిరావు. వ్యాపారం ఉన్నవాళ్ళు తమ పని మందంగా ఉండే రోజు చూసుకోవాలి. నర్సరీలకి తొలకరి నించి వానలు వెనకబట్టేదాకా ఊపిరి తిరగదు, కాబట్టి తీర్థం రోజులు పోగా మాకు మాఘ ఫాల్గుణాలు మేలు. పుష్యంలో వెళ్తే లంకల్లో మంచు. అయిదింటికి బయల్దేరితే ముందున్న కొబ్బరికాయల లారీ వెనక లైటు కూడా కనబడదు. అప్పుడు ఏడు దాటాక కదలండి. అక్టోబరు నించి డిసెంబరు దాకా వాయుగుండం కబురుందేమో చూసుకోకుండా తీరానికి పోవద్దు. 1996 నవంబరు 6 తుఫానులో కోనసీమలో ఏం జరిగిందో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి.

తరవాత, వేళ. సినిమాల్లో జంటలు సూర్యాస్తమయం చూస్తాయి. అది పడమటి సముద్రం. మనది తూర్పు సముద్రం. మనకి సూర్యుడు పొద్దున్న నీళ్ళలోంచి లేస్తాడు, సాయంత్రం మన వీపు వెనక కొబ్బరితోటల్లోకి పోతాడు. అందుకని మన తీరానికి వెళ్ళాల్సింది పొద్దున్నే. సూర్యోదయమే కావాలంటే మూడింటికి లేవాలి, ఆ నిద్రమత్తు కాపురానికి మంచిది కాదు. నాలుగున్నరకి కడియంలో బయల్దేరితే ఏడుకల్లా అంతర్వేది చేరతారు, సుమారు తొంభై కిలోమీటర్లు. పదకొండుకల్లా ఇసక మీంచి లేచిపోవాలి. చాలామంది సరిగ్గా ఆ వేళకి చేరతారు.

ఎక్కడికి అనేది మీ ఇష్టం. కాలవ గట్టు వెంబడి ద్వారపూడి, అనపర్తి, సామర్లకోట మీదుగా కాకినాడ వెళ్తే ఉప్పాడ రోడ్డు ఉంది. ఎడంపక్క ఊళ్ళు, కుడిపక్క చేతికందేలా సముద్రం. ఉప్పాడ ఊరిని సముద్రం ఏళ్ళ తరబడి కొరుక్కుతింటోంది. రాళ్ళు పోసినా తుఫాను వచ్చినప్పుడల్లా రోడ్డు తెగుతూనే ఉంటుంది. అక్కడ జాందానీ మగ్గాలున్నాయని కూడా చెప్పాలి. ఒకసారి "దారిలోనే కదండీ" అన్న మాట నా నోటే వచ్చింది. రెండు గంటలు మగ్గం దగ్గరే పోయాయి. ఈ జబ్బు మగవాళ్ళకే ఉంటుందని అనుకోవద్దు.

కోరంగి మడ అడవులు చూడాలనుకుంటే చెట్ల మధ్య చెక్క వంతెన మీద నడవొచ్చు. అలలు ఉండవు, నీడ ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న జంటలకి నేను చెప్పేది అదే. యానాం దగ్గర గౌతమి మీద బాలయోగి వంతెన దాటి కోనసీమలోకి వచ్చే దారి కూడా బావుంటుంది గానీ, యానాం అనగానే కొందరు మగవాళ్ళకి వేరే పని గుర్తొస్తుంది. అది కచ్చితంగా దారిలోనిదే అవుతుంది. ఎవరి సంగతి వాళ్ళకి తెలుసు.

ఫోను. స్విచాఫ్ చెయ్యమంటే ఎవరూ చెయ్యరు, చెయ్యలేరు కూడా. మేం చేసింది ఇది: ముందురోజే మేస్త్రిని పిలిచి, పదింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి మేమే ఫోన్ చేస్తాం, ఈలోపు మొక్క ఎండినా మునిగినా నీ ఇష్టప్రకారం చెయ్యి అని చెప్పాం. అతను పదిహేనేళ్ళుగా మా దగ్గర ఉన్నాడు. ఆ రోజు ఒక్కసారీ ఫోన్ చెయ్యలేదు. మావారికి కొంచెం చిన్నతనం అనిపించిందనుకోండి.

ఇక మగవాళ్ళు రాసిన పుస్తకాల్లో ఉండని సంగతి. మన తీరాల్లో ఆడవాళ్ళకి మరుగుదొడ్లు తక్కువ. అందుకని మనం ఏం చేస్తాం? బయల్దేరిన దగ్గర్నించీ నీళ్ళు తాగం. పదింటికి తలనొప్పి, పన్నెండింటికి చిరాకు, రెండింటికి పోట్లాట. ఆ పోట్లాట ఏ విషయం మీద వచ్చినా దాని అసలు కారణం ఖాళీ నీళ్ళ సీసా కాదు, మూత తియ్యని నీళ్ళ సీసా. మొదటి ప్రయాణంలో నా కోపంలో సగం అదేనని నాకు చాలా తరవాత తట్టింది. కాబట్టి మగవాళ్ళు ముందురోజే కనుక్కోవాల్సింది రోడ్డు ఎలా ఉందని కాదు, ఎక్కడెక్కడ ఆగొచ్చని. రావులపాలెం దగ్గర హైవే మీద పెట్రోలు బంకులు, అంతర్వేదిలో గుడి దగ్గర సత్రాలు. అడిగి పెట్టుకోండి. భార్య అడక్కుండానే "ఇక్కడ ఆపనా?" అనండి. పువ్వుల దండ కన్నా బాగా పనిచేస్తుంది.

పెద్దవాళ్ళని ఇంట్లో వదిలి వెళ్ళడం బావుంటుందా అని అడుగుతారు. బావుండదు. మా అత్తగారినైతే అంతకు నెల ముందే ద్రాక్షారామం తీసుకెళ్ళాం. ఆ రోజు ఆవిడది. ఆవిడ చెప్పినచోటల్లా ఆగాం, అడిగిన చుట్టాల ఇళ్ళకల్లా వెళ్ళాం. రెండు రోజుల్ని ఒకదాంట్లో కుక్కితే అటు ఆవిడకీ తృప్తి ఉండేది కాదు, ఇటు మాకూ ఉండేది కాదు.

ఆ మంగళవారం

ఖాళీ డిక్కీతో పోతున్న కారు గతుకుల్లో ఎలా మోగుతుందో నాకు ఆ రోజే తెలిసింది. జొన్నాడ వంతెన మీద గౌతమి ఇంకా చీకట్లోనే ఉంది. రావులపాలెంలో హైవే వదిలి కోనసీమలోకి తిరిగాం. మాటల్లేవు. ఇరవైమూడేళ్ళ కాపురం చేసిన ఇద్దరికి పిల్లలు, అప్పులు, మొక్కలు తీసేస్తే మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదేమో అని నాకు లోపల భయం వేసింది. మీకూ వేస్తుంది. ఆ గంటని పాటలు పెట్టి నింపెయ్యకండి. ఓర్చుకోండి.

పి.గన్నవరం దగ్గర అక్విడక్టు మీదకి ఎక్కాం. కింద వైనతేయ నది, దాని మీదుగా కాలవ. కాటన్ హయాంలో కట్టిన పాతది పక్కన ఉంటే, ఇప్పటిదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. 1909లో పోయిన ఆవిడ, నది దాటి వచ్చిన బాటసారి ఎవరైనా సరే, ఏ వేళ అయినా సరే, అన్నం పెట్టి పంపేవారు. ఆవిడ పుట్టిల్లు మా పక్కనున్న మండపేట. ఆవిడ భర్త జోగన్నగారు ఓ ప్రయాణంలో ఆకలితో వాళ్ళింట ఆగారనీ, ఆ పిల్ల వడ్డించిన తీరు చూసి పెళ్ళాడారనీ చెప్పుకుంటారు.

"చూశారా, దారిలో ఆగితే పెళ్ళిళ్ళు కూడా అవుతాయి" అన్నాను.

"అందుకే నేను ఎక్కడా ఆగట్లేదు" అన్నారు మావారు. ఆ పొద్దున్న ఆయన మొదటి మాట అది. ఇద్దరం నవ్వాం.

రాజోలు దగ్గర పడుతుండగా ఆయన కారు కాస్త నెమ్మది చేసి ఎడంపక్కకి చూపించారు. పాశర్లపూడి అటే. 1995 జనవరిలో అక్కడ ఓఎన్‌జీసీ బావిలోంచి గ్యాస్ ఎగదన్ని అంటుకుంది. అరవైఅయిదు రోజులు మండింది. అది నాకూ తెలుసు, పేపర్లలో చదివాను. నాకు తెలియనిది, అప్పుడు ఆయన కొబ్బరి మొలకల బేరానికి ఇటు వచ్చి, ఒక రాత్రంతా పొలం గట్టు మీద కూర్చుని ఆ మంట చూశారని. "రాత్రి పట్టపగల్లా ఉందే. పక్షులు నిద్రపోకుండా తిరిగాయి. ఊళ్ళవాళ్ళు బిడ్డల్ని ఎత్తుకుని పోతున్నారు. నాకు ఇంటికి పోవాలనే తోచలేదు." ఇది నాకు ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. "నువ్వెప్పుడు అడిగావు?" అని ఊరుకుని, కాసేపాగి, "సందర్భం రాలేదు" అన్నారు.

ఆ సందర్భం డిక్కీ నిండుగా ఉన్న రోజున కూడా ఇదే రోడ్డు మీద మా ముందునించే పోయింది. అప్పుడు మా ఇద్దరి ధ్యాసా అమలాపురంలో అయిన ఆలస్యం మీద ఉంది.

మలికిపురం, సఖినేటిపల్లి దాటి ఏడుంపావుకి అంతర్వేదిలో దిగాం. గుడి, లైట్‌హౌస్, సరుగుడు చెట్లు. ముందు దర్శనం. కొత్త రథాన్ని చూశాం. మావారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "పాతది చూపించి ఉండాల్సింది" అన్నారు. అంతే. క్షమాపణ అనే మాట మన మగవాళ్ళ నోట్లో ఇంతకన్నా తిన్నగా రాదు, నేను ఎదురుచూడను కూడా.

ఇక్కడ కొన్ని జాగ్రత్తలు, ఎందుకంటే మావాళ్ళే చాలామంది అతి ధైర్యానికి పోతారు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట నీళ్ళు చూడ్డానికి నెమ్మదిగా ఉంటాయి, లోపల లాగుతాయి. పాటు మీద, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళ, మరీను. అమావాస్యకీ పౌర్ణమికీ పోటూ పాటూ రెండూ పెద్దవి. నది నీళ్ళనీ సముద్రపు నీళ్ళనీ విడదీసే ఇసక దిబ్బని అక్కడ అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు. పడవ కట్టించుకుని చూసి రావాలి గానీ అక్కడ స్నానానికి దిగకూడదు. ఎక్కడ దిగొచ్చో వలలు బాగుచేసుకునేవాళ్ళని అడగండి, వాళ్ళకన్నా తెలిసినవాళ్ళు లేరు. కారుని గట్టి నేల దాటించొద్దు. ఇసకలో చక్రం కూరుకుంటే యాక్సిలేటర్ తొక్కే కొద్దీ ఇంకా లోపలికి పోతుంది. టైర్లలో గాలి కొంత తీసి, కింద కొబ్బరాకులో గోనెసంచులో పరిచి నెమ్మదిగా లాగాలి. ఇంటికొచ్చాక కారు అడుగు భాగం మంచినీళ్ళతో కడిగించండి, ఉప్పు ఇనుముని తినేస్తుంది.

తిండి గురించి ఎక్కువ చెప్పను. పొద్దున్నే చేసిన పులిహోర, గట్టి పెరుగన్నం, మాగాయ. బయట తిందామనుకుంటే తినండి గానీ, పులసల కాలంలో వెళ్ళి బేరంలోకి మాత్రం దిగొద్దు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. ఎవరి పుస్తెలో ఆ సామెత చేసినవాడు ఆలోచించినట్టు లేదు.

సముద్రం దగ్గర మేం ఏం మాట్లాడుకున్నామంటే పెద్దగా ఏమీ లేదు. ఆయన సరుగుడు చెట్ల వేళ్ళు చూసి, ఇది మన దేశపు చెట్టు కాదే, సముద్రాలవతలి నించి వచ్చి మన ఇసకని పట్టుకుని కూర్చుంది అన్నారు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళలో నడిచాను. చీర మోకాళ్ళదాకా తడిసింది. మా అబ్బాయి హైదరాబాదు నించి తిరిగి వస్తాడా రాడా అన్న సంగతి, ఇంట్లో ఎత్తితే గొడవయ్యేది, అక్కడ గొడవ లేకుండా పావుగంట మాట్లాడుకున్నాం. తేలలేదు. తేలకపోయినా మాట్లాడొచ్చని తెలిసింది. పదిమ్ముప్పావుకి లేచాం.

వచ్చేటప్పుడు కారు నేను నడిపాను. నలభై దాటాక నేర్చుకున్నాను, కడియం దాటి నడపడం అదే మొదలు. ఇది మీరూ చెయ్యండి. ఎవరు ఎప్పుడూ నడుపుతారో వాళ్ళని పక్క సీట్లో కూర్చోపెట్టండి. మొదటి అయిదు కిలోమీటర్లూ ఆయన కాలు లేని బ్రేకు తొక్కుతూనే ఉంది. తరవాత కిటికీలోంచి చూడ్డం మొదలుపెట్టారు. ముప్ఫయ్యేళ్ళుగా మొక్కలు వేసుకుని ఆ రోడ్డు మీద తిరిగిన మనిషి, "ఈ కాలవ రోడ్డుకి ఇంత దగ్గరగా ఉందా!" అన్నారు. గన్నవరం వచ్చేసరికి నిద్రపోయారు.

రావులపాలెం దగ్గర లేచి, అలవాటుగా, "అక్కకి మొక్కలు పంపాలి, అమలాపురం..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. నేను ఇండికేటర్ వేసి కుడికి, హైవే మీదకి తిప్పాను.

వదినగారి కనకాంబరాలు మర్నాడు ఆర్టీసీ పార్సిల్లో పంపించాం. పన్నెండూ బతికాయి.